మచిలీపట్నం: రేవు చెప్పే చరిత్ర

పాఠ్యభాగ ఉద్దేశం

తాము నివసించే ప్రాంతపు చరిత్రను పరిశీలించే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం, వారసత్వ సంపద అంటే శిథిల కట్టడాలు మాత్రమే కాదని, ఊళ్ల పేర్లు, చేతివృత్తులు, ప్రజలు నెలకొల్పుకొన్న సంస్థలు కూడా అందులో భాగమేనని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

దారి పేరులో దాగిన రేవు

హైదరాబాదు నుంచి వచ్చే జాతీయ రహదారి భవానీపురం మీదుగా విజయవాడ నగరంలో ప్రవేశిస్తుంది. ఒకవైపు కృష్ణానది, మరొకవైపు ఇంద్రకీలాద్రి. కొండ పాదాన్ని ఒరసుకొంటూ నగరంలోకి సాగిన ఆ దారి మహాత్మాగాంధీ రోడ్డుగా మారుతుంది. పలకల మీద ఏ పేరు రాసి ఉన్నా జనం నోట అది బందరు రోడ్డే. నగరం నడుమ నుంచి పారే కాలువలలో ఒకటి బందరు కాలువ. ప్రతిదినం ఆ రోడ్డు మీద కళాశాలకు వెళ్లే విద్యార్థులలో ఎందరు ఆ పేరును గురించి ఆలోచించి ఉంటారు?

'బందరు' పారశీక పదం. దానికి ఓడరేవు అని అర్థం. అంటే బందరు రోడ్డు రేవుకు పోయే దారి. ఆ దారిలో ఇంచుమించు 70 కిలోమీటర్లు ప్రయాణిస్తే మచిలీపట్నం వస్తుంది. గోల్కొండ సుల్తానుల కాలంలో రాజధానిని సముద్రంతో కలిపిన వర్తక మార్గం కూడా బెజవాడ మీదుగానే సాగేది. ఎడ్లబండ్ల వరుసలు నడిచిన దిశలోనే నేడు లారీలు, బస్సులు నడుస్తున్నాయి. ఆ దారి చివరనున్న రేవు ఎట్లా పెరిగింది? ఎందుకు క్షీణించింది? మనకు ఏమి మిగిల్చింది?

ప్రాచీన నౌకా వాణిజ్యం

కృష్ణా ముఖద్వార ప్రాంతపు సముద్ర వర్తకానికి రెండువేల ఏళ్ల చరిత్ర ఉంది. క్రీస్తుశకం మొదటి శతాబ్దికి చెందిన 'ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్' అనే గ్రీకు గ్రంథం ఈ తీరాన్ని మసలియా అని పేర్కొని, ఇక్కడ సన్నని నూలు వస్త్రాలు విస్తారంగా తయారయ్యేవని తెలిపింది. రెండవ శతాబ్దికి చెందిన భూగోళ శాస్త్రవేత్త టాలమీ ఈ ప్రాంతాన్ని మైసోలియా అన్నాడు. అతడు చెప్పిన కంటకోస్సిల అనే వర్తక కేంద్రమే నేటి ఘంటసాల అని చరిత్రకారులు గుర్తించారు. ఘంటసాలలో బౌద్ధస్తూపపు అవశేషాలతోపాటు, 'మహానావికుడు' అనే మాట గల ప్రాకృత శాసనం కూడా లభించింది. సముద్రయానం చేసే వారికి ఆనాటి సమాజంలో ఎంతటి గౌరవం ఉండేదో ఆ ఒక్క మాట తెలుపుతుంది. శాతవాహన రాజులు తమ నాణేలపై రెండు తెరచాప కొయ్యల ఓడను ముద్రించడం ఈ వాణిజ్య వైభవానికి మరొక నిదర్శనం.

మచిలీపట్నం అనే పేరుకు పలు వివరణలు ఉన్నాయి. కోట ద్వారాన్ని చేప కళ్లతో అలంకరించినందువల్ల ఆ పేరు వచ్చిందని జనశ్రుతి. గ్రీకులు వాడిన మసలియా, మైసోలియా అనే రూపాలలోనే ఆ పేరుకు మూలం ఉందని కొందరి అభిప్రాయం.

గోల్కొండ సింహద్వారం

16, 17 శతాబ్దులలో కుతుబ్‌షాహీ సుల్తానుల ఏలుబడిలో మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన రేవుగా విలసిల్లింది. కృష్ణాతీరంలోని కొల్లూరు గనుల వజ్రాలు, డెల్టా పల్లెల వస్త్రాలు, నీలిమందు, ఇనుము, ఉక్కు ఈ రేవు నుంచి ఎగుమతి అయ్యేవి. పెగూ, అరకాన్, సయాం, సుమత్రా దేశాలకూ, పడమట పారశీకానికీ, ఎర్రసముద్ర తీరానికీ ఇక్కడి నుంచి ఓడలు బయలుదేరేవి. మక్కా యాత్రికులు ఇక్కడే ఓడ ఎక్కేవారు. వజ్రాల వర్తకుడైన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే ఈ పట్టణాన్ని సందర్శించి, బంగాళాఖాతంలోని మేలైన లంగరు స్థలాలలో దీనిని ఒకటిగా ఎంచాడు.

అయితే ఇక్కడ పెద్ద ఓడలు ఒడ్డును తాకేవి కావు. తీరం లోతు తక్కువ. కృష్ణ మోసుకువచ్చే ఒండ్రు వల్ల నేల మెరకెక్కి ఉండేది. అందుచేత ఓడలు కొన్ని మైళ్ల దూరంలో లంగరు వేసేవి. సరుకులను, మనుషులను పడవలలో చేరవేసేవారు. ఈ తీరపు మసూలా పడవలలో ఇనుప మేకులు ఉండవు. పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ అలల తాకిడికి పగిలిపోతే, కుట్టిన పడవ వంగి నిలిచేది. మహానౌకల వైభవం వెనుక పేరులేని పడవవారి నేర్పు ఉందని మనం గుర్తించాలి.

ప్రపంచాన్ని ఆకర్షించిన వస్త్రం

ఐరోపా వర్తకులు ఈ రేవుకు రావడానికి ముఖ్యకారణం వస్త్రం. వారికి సుగంధ ద్రవ్యాలు కావాలి. అవి ఆగ్నేయాసియా దీవులలో లభించేవి. అక్కడివారు వాటికి బదులుగా కోరినవి కోరమండల్ తీరపు రంగు వస్త్రాలు. కాబట్టి మిరియాలు, జాజికాయలు కొనదలచినవారు ముందుగా తెలుగు నేతగాని వస్త్రం కొనవలసి వచ్చింది.

ఆ వస్త్రాలలో ప్రసిద్ధమైనది కలంకారీ. 'కలం' అంటే లేఖిని, 'కారీ' అంటే పనితనం. శ్రీకాళహస్తిలో కలంతో బొమ్మలు గీస్తే, మచిలీపట్నం, పెడన ప్రాంతాలలో చెక్కిన కొయ్య అచ్చులతో అద్దడం వాడుక. వస్త్రాన్ని ఉతికి, కరక్కాయ రసంలో తడిపి ఆరవేస్తారు. ఇనుప తుక్కును బెల్లపు నీటిలో పులియబెట్టి తీసిన ద్రవంతో అద్దితే నల్ల గీతలు ఏర్పడతాయి. ఎరుపు కావలసినచోట పటిక ద్రావణాన్ని అద్ది, తరువాత వేర్లతో కలిపి ఉడికిస్తారు. పటిక తగిలిన చోటనే ఎరుపు పట్టుకొంటుంది. కృష్ణా డెల్టా ఇసుక నేలలలో పెరిగిన చిరివేరు నుంచి వచ్చే ఎరుపునకు ఆనాడు ఎంతో పేరు. పలుమార్లు పారే నీటిలో ఉతకడం వల్ల రంగు మరింత తేటపడుతుంది.

ఈ అద్దకపు వస్త్రాలు ఐరోపాలో ఎంతటి జనాదరణ పొందాయంటే, స్వదేశపు నేత పరిశ్రమ దెబ్బతింటుందని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లండు కూడా 1700, 1721 సంవత్సరాలలో నిషేధ చట్టాలు చేసింది. పెడన వంటి పల్లెల చేతిపని రెండు రాజ్యాలను చట్టాలు చేసే దాకా తెచ్చిందన్నమాట.

వర్తకం నుంచి ఏలుబడికి

డచ్చివారు 1605–06 నాటికే మచిలీపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకొన్నారు. ఆంగ్లేయుల 'గ్లోబ్' నౌక 1611లో తూర్పు తీరానికి వచ్చింది. పులికాట్‌లో డచ్చివారు అడ్డగించగా అది ఉత్తరానికి సాగి, అదే సంవత్సరం ఆగస్టులో మచిలీపట్నం చేరింది. భారతదేశపు తూర్పు తీరంలో ఆంగ్లేయుల వర్తకానికి అదే ఆరంభం. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా సంవత్సరానికి 500 పగోడాల సుంకంపై గోల్కొండ రేవులలో స్వేచ్ఛగా వర్తకం చేసుకోవడానికి వారికి అనుమతి ఇచ్చాడు. చరిత్రలో అది 'బంగారు ఫర్మానా'గా పేరొందింది. 1669లో ఫ్రెంచివారు వచ్చారు.

వర్తకులుగా వచ్చినవారు క్రమంగా కోటలను, సైన్యాలను సమకూర్చుకొన్నారు. 1687లో గోల్కొండ రాజ్యం ఔరంగజేబు వశమైంది. 1750లో ఫ్రెంచివారు బందరును చేజిక్కించుకొన్నారు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ నాయకత్వాన ఆంగ్ల సైన్యం రాత్రివేళ దాడి చేసి కోటను పట్టుకొంది. 1766లో నిజాముతో జరిగిన ఒప్పందంతో ఉత్తర సర్కారులపై ఆంగ్లేయుల అధికారం స్థిరపడింది. అనుమతి పత్రం కోసం దర్బారులో చేతులు కట్టుకొని నిలిచినవారు నూటయాభై ఏళ్లలో ఏలికలైనారు. బందరు చరిత్రలో ముఖ్యమైన పాఠం ఇది.

మచిలీపట్నం వీధులలో ఆ పోటీ ఇంకా వినిపిస్తుంది. హాలెండువారిని తెలుగువారు వలందులు అన్నారు. వారున్న చోటు వలందపాలెం. ఫ్రెంచివారిని పరాసులు అన్నారు. వారి పేట పరాసుపేట. ఆంగ్లేయుల చోటు ఇంగ్లీషుపాలెం. మూడు సామ్రాజ్యాల పేర్లు నేడు మూడు పేటల పేర్లుగా మిగిలాయి.

ఉప్పెనలు, ఒండ్రు

బందరు క్షీణతకు కారణాలు అనేకం. ఆంగ్లేయులు తమ ముఖ్యకేంద్రాన్ని 1641లో మద్రాసుకు మార్చారు. 19వ శతాబ్దిలో యంత్రాలపై నేసిన మాంచెస్టర్ వస్త్రం చౌకగా దిగుమతి కావడంతో నేతగాండ్రు, అద్దకపువారు జీవనోపాధి కోల్పోయారు. తీరం మరింత మెరకెక్కింది.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన మహోపద్రవం. సముద్రం పట్టణాన్ని ముంచి, మైళ్ల కొద్దీ లోపలికి చొచ్చుకుపోయింది. ఆ ప్రాంతంలో దాదాపు 30 వేల మంది మరణించారని అంచనా. ఆ తరువాత కోటలోని సైన్యాన్ని తొలగించారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొంది. రేవుకు బతుకునిచ్చిన సముద్రమే దాని మీద విరుచుకుపడిందని తీరవాసులకు అనుభవం నేర్పింది. 1933లో విశాఖపట్నంలో లోతైన ఆధునిక రేవు ప్రారంభమయ్యాక బందరు ప్రాధాన్యం ఇంకా తగ్గింది.

రేవు సన్నగిల్లినా ఊరు నిలిచింది

ఓడలు రావడం తగ్గిన కాలంలోనే బందరు మరొక విధంగా తల ఎత్తింది. 1902లో ఇక్కడ కృష్ణాపత్రిక వెలువడింది. 1907 నుంచి 1945 వరకు ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో అది తెలుగువారి ఆలోచనలను తీర్చిదిద్దింది. 1910లో కోపల్లె హనుమంతరావు కృషితో ఆంధ్ర జాతీయ కళాశాల ఆరంభమైంది. పుస్తక విద్యతోపాటు చేతిపనులు నేర్పిన విద్యాలయం అది. అక్కడ అధ్యాపకుడుగా పనిచేసిన పింగళి వెంకయ్య 1921లో విజయవాడ కాంగ్రెసు సమావేశాలలో గాంధీజీకి జాతీయ పతాకపు నమూనాను సమర్పించాడు. రేవు నుంచి బెజవాడకు సరుకులు వచ్చిన దారినే ఈ భావం కూడా వచ్చింది.

1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించాడు. విదేశీ కంపెనీలు లెక్కలు రాసుకొన్న ఊరిలోనే తెలుగువారు తమ బ్యాంకును నెలకొల్పుకోవడం విశేషం. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది.

మన కర్తవ్యం

నేడు మచిలీపట్నం వెళ్లినవారు బందరు కోట శిథిలాలను, శిలాఫలకాలతో కూడిన డచ్చి సమాధులను, చిలకలపూడి పాండురంగ ఆలయాన్ని, మంగినపూడి సముద్రతీరాన్ని, పెడన కలంకారీ పనివారి ఇండ్లను చూడవచ్చు. చిలకలపూడి రోల్డుగోల్డు నగలు, బందరు లడ్డు కూడా ఊరి పేరును నిలుపుతున్నాయి. బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2022లో జిల్లాల పునర్విభజనలో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రం కాగా, మచిలీపట్నం కృష్ణాజిల్లా కేంద్రంగానే కొనసాగింది. 2023 మే నెలలో కొత్త ఓడరేవు నిర్మాణ పనులు ఆరంభమయ్యాయి.

కొత్త రేవు కట్టడానికి ధనం, యంత్రాలు ఉంటే చాలు. పాత రేవు మిగిల్చిన దానిని కాపాడడానికి మాత్రం మనుషుల శ్రద్ధ కావాలి. కోట గోడ కూలితే రాయితో మళ్లీ కట్టవచ్చు. అద్దకపువాని కొడుకు ఆ పనిని విడిచిపెడితే, రంగు ఎంతసేపు ఉడకాలో తెలిసిన చేయి మళ్లీ దొరకదు. యంత్రంపై ముద్రించిన నకిలీ వస్త్రాన్ని కలంకారీ అని కొన్నప్పుడు మనం కూడా ఆ నష్టానికి కారకులమవుతాం. కాబట్టి వారసత్వ రక్షణ ప్రభుత్వ శాఖల బాధ్యత మాత్రమే కాదు. వస్త్రం కొనేవాని బాధ్యత, ఊరి పేరుకు అర్థం అడిగే విద్యార్థి బాధ్యత కూడా.

ఈసారి బందరు రోడ్డు మీద నడిచేటప్పుడు ఆ దారి ఎక్కడికి పోతుందో ఒక్కసారి తలచుకోండి.

కఠిన పదాలు – అర్థాలు

ముఖద్వారం = నది సముద్రంలో కలిసే చోటు
అవశేషాలు = మిగిలిన భాగాలు
జనశ్రుతి = జనం చెప్పుకొనే మాట
ఒండ్రు = నీటితో కొట్టుకొని వచ్చిన మెత్తని మట్టి
లేఖిని = కలం
సుంకం = వర్తకంపై చెల్లించే పన్ను
పగోడా = ఆనాటి దక్షిణదేశపు బంగారు నాణెం
మహోపద్రవం = గొప్ప ఆపద

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. మచిలీపట్నం రేవు వైభవానికి, క్షీణతకు గల కారణాలను వివరించండి.
2. విదేశీయులు వర్తకులుగా వచ్చి పాలకులుగా మారిన తీరును బందరు చరిత్ర ఆధారంగా చర్చించండి.

ఆ. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. కలంకారీ అద్దకపు విధానాన్ని తెలపండి.
2. మసూలా పడవల ప్రత్యేకత ఏమిటి?
3. 20వ శతాబ్దిలో బందరులో వెలసిన సంస్థలను గురించి రాయండి.

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 'బందరు' అనే పదానికి అర్థమేమిటి?
2. వలందులు అని ఎవరిని పిలిచారు?
3. 'గ్లోబ్' నౌక మచిలీపట్నం చేరిన సంవత్సరం ఏది?

ఈ. సంధి విడదీసి పేరు తెలపండి
ఇంద్రకీలాద్రి, మహోపద్రవం, జనాదరణ

ఉ. ప్రాజెక్టు పని
మీ ఊరిలోని వీధుల, పేటల పేర్లు పది సేకరించండి. అవి ఎట్లా వచ్చాయో పెద్దలను అడిగి తెలుసుకొని, ఒక్కొక్క పేరును గురించి రెండు వాక్యాలు రాయండి.