భోగి మంటల్లో వేయకు

చి. సౌ. లలితకు,
పిన్ని ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పండక్కి తమ్ముడు డాలస్ నుంచి వస్తున్నాడనీ, వాడు మీ నాన్నని రెండు రోజులు తిరుపతి తీసుకెళ్తే ఈలోగా మనుషుల్ని పెట్టి తెనాలి ఇల్లంతా ఖాళీ చేయించేస్తాననీ, కాగితాలూ చెక్కముక్కలూ భోగి మంటల్లో వేసేస్తాననీ రాశావు. అలా చెయ్యకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను. నీ ఆరాటం నాకు తెలుసు. అయినా ఆయన లేకుండా, ఆయనకు చెప్పకుండా ఒక్క కాగితం కూడా ఆ గడప దాటకూడదు.

మానసిక వైద్య విభాగంలో నర్సుగా చేసినన్నాళ్లూ ఇలాంటి కుటుంబాల్ని చూశాను. పిల్లలు ప్రేమకొద్దీ ఇల్లు ఖాళీ చేయిస్తారు. ఊరినుంచి వచ్చిన పెద్దాయన బోసిపోయిన గదులు చూసి కూలబడిపోతాడు. కొన్నాళ్లకు ఇల్లు మళ్లీ నిండుతుంది. ఈసారి మాత్రం లోపల గడియ పెట్టుకుంటాడు, పిల్లలు వచ్చినా వరండాలోనే కూర్చోబెట్టి మాట్లాడి పంపేస్తాడు. ఆ తర్వాత ఆయన లోపల కాలు జారి పడ్డా తెలుసుకునే దారి ఉండదు.

ఆయన ఏ వస్తువూ పారెయ్యలేకపోవడం పిసినారితనమూ కాదు, బద్ధకమూ కాదు. వైద్యులు దీన్ని హోర్డింగ్ డిజార్డర్ అంటారు. ఒకప్పుడు ఓసీడీలో ఒక లక్షణంగా జమకట్టేవాళ్లు. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన డీఎస్ఎం-5 అనే మానసిక రుగ్మతల గ్రంథంలో దీన్ని విడి జబ్బుగా గుర్తించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ ఇప్పుడు ఉంది. సామాను ఎంత ఉందన్నది అసలు కొలత కాదు. వస్తువుకు విలువ ఉన్నా లేకపోయినా దాన్ని వదలడానికి ప్రాణం ఒప్పకపోవడం, వంటింట్లో వండుకోలేక, మంచం మీద పడుకోలేక ఇల్లు ఇల్లుగా పనికిరాకుండా పోవడం, ఈ రెండూ చూస్తారు. మంచం మీద సగం పేపర్ల కట్టలే ఉన్నాయనీ, నాన్న ఒక పక్కకు ఒదిగి పడుకుంటున్నారనీ రాశావు చూడు, ఆ ఒక్క మాటతోనే నాకు భయమేసింది.

అయితే ఇది మీ అమ్మ పోయాక కొత్తగా పుట్టిందని అనుకోకు. చాలామందిలో చిన్న వయసులోనే మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ ముదురుతుంది. బావగారు లెక్కల మేష్టారుగా ఉన్న రోజుల్లోనే, వేళ్లకు అందనంతగా అరిగిపోయిన చాక్‌పీసు ముక్కలు హార్లిక్స్ సీసాలో వేసేవారు. ఆ సీసా నిండితే ఇంకో సీసా. పార్సిళ్లకు చుట్టొచ్చిన పురికొసను ముడులు విప్పి, వేళ్లకు చుట్టి, ఉండచేసి మేకుకు తగిలించేవారు. అక్క ఏమీ అనేది కాదు. నెలకోసారి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది పనిమనిషి పిల్లాడికి ఇద్దామా?" అని అడిగి, ఆయన ఊఁ అన్నాకే ఇచ్చేసేది. ఇల్లు అన్నేళ్లూ ఇల్లులా నిలిచింది అందుకే. ఇప్పుడు అలా అడిగే మనిషి లేదు. నువ్వు చెయ్యవలసిందీ అదే పని. అరవడం, ఖాళీ చేయించడం కాదు.

ఈసారి వెళ్లినప్పుడు ప్రమాదం సంగతి మాత్రం చూసుకో. గ్యాస్ పొయ్యి పక్కన కాగితం, ప్లాస్టిక్ ఉండకూడదు. మంచం నుంచి బాత్రూముకి, అక్కడినుంచి వీధి తలుపుకి రాత్రి కరెంటు పోయినా తడుముకోకుండా నడిచేంత దారి కావాలి. తల ఎత్తున పేర్చిన కట్టల్ని నడుం ఎత్తుకు దించండి. 1947లో న్యూయార్క్‌లో కోలియర్ అన్నదమ్ముల ఇంటినుంచి వంద టన్నులకు పైగా సామాను తీశారు. లాంగ్లీ అనే తమ్ముడు తాను పేర్చిన గుట్టల కిందే పడి చనిపోతే, కళ్లు కనిపించని అన్న హోమర్ తిండి పెట్టే దిక్కులేక పోయాడు. నిన్ను బెదిరించడానికి చెప్పడం లేదు. "ఇల్లు శుభ్రం చేద్దాం నాన్నా" అంటే ఆయనకు రోషం వస్తుంది. "నువ్వు పడిపోతావేమోనని రాత్రిళ్లు నాకు నిద్ర పట్టడం లేదు" అంటే కాదనలేరు. అది నిజం కూడానూ.

ఆ తర్వాత ఏదైనా ఒక్క చోటు ఎంచుకోండి, భోజనాల బల్ల అనుకో. అరగంట కంటే ఎక్కువ వద్దు. తేదీ దాటిన మందులు, చెదలు పట్టిన కాగితాలు, ఇలా మమకారం తక్కువున్నవాటితో మొదలుపెట్టు. ప్రతి వస్తువూ ఆయన చేతికే ఇవ్వు, ఉంచాలో తీసెయ్యాలో ఆయన్నే తేల్చనీ. "ఇది దేనికి పనికొస్తుంది?" అని మాత్రం అడగకు. దేనికైనా వంద ఉపయోగాలు చెప్పగలరు, లెక్కల మేష్టారు కదా. "ఇది లేకపోతే ఏమవుతుందనిపిస్తోంది?" అని అడిగి, చెప్పేది ఓపిగ్గా విను. పారెయ్యడం కష్టమైనచోట ఇవ్వడం తేలిక. ఆయన పనిచేసిన బడి లైబ్రరీకి పుస్తకాలు స్వయంగా తీసుకెళ్లి ఇచ్చే ఏర్పాటు చెయ్యి. అక్క చీరల జోలికి, ఆమె కళ్లజోడు జోలికి ఇప్పట్లో వెళ్లకు. లోపలికి వచ్చేది తగ్గకపోతే బయటికి పంపి లాభం లేదు కాబట్టి, ఇంటికి వేయించుకుంటున్న మూడు పేపర్లలో రెండు మాన్పించే మాట కూడా నెమ్మదిగా కదుపు. తమ్ముడికి నేను ఫోన్ చేస్తాను, వాడు వీడియో కాల్‌లో తండ్రి మీద కేకలెయ్యడం ఆపాలి.

డాక్టరుకు చూపించాలి, అందులో రెండో మాట లేదు. గుంటూరు పెద్దాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. ముందుగా మాట్లాడాలంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. ఈ జబ్బుకు మాత్రలకంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ మీదే నమ్మకం ఎక్కువ. రాండీ ఫ్రాస్ట్, గెయిల్ స్టెకెటీ అనే ఇద్దరు అమెరికన్లు దీనికోసమే ఒక పద్ధతి తయారుచేశారు. అందులో భాగంగా గదులు ఖాళీగా ఉన్న స్థితి నుంచి కిక్కిరిసిన స్థితి దాకా తొమ్మిదేసి ఫొటోలు వరసగా పెట్టి, "మీ గది వీటిలో ఏది?" అని ఆయన్నే చూపించమంటారు. చాలా నెమ్మదిగా సాగే వైద్యం, నెలలు పడుతుంది. దానితోపాటు దిగులు కూడా ఉంటే మందులు అవసరమవుతాయి, అక్క పోయాక ఆయన అన్నం సరిగ్గా తింటున్నారో లేదో గమనించు. ఇంకొకటి. మరపు పెరిగిందా, స్వభావం మారిందా, వీధిలో చెత్త కూడా ఏరుకొస్తున్నారా? అలాంటిది కనిపిస్తే డిమెన్షియా ఏమోనని న్యూరాలజిస్టుకు చూపించాలి. అందులో ఆలస్యం చెయ్యకు.

ఈ రెండు రోజుల్లో ఆ పనివాళ్లకు రావద్దని చెప్పేసి నాకు ఫోన్ చెయ్యి. పండక్కి నేనూ తెనాలి వస్తాను. గుంటూరు వెళ్లే మాట బావగారితో నేను కదుపుతాను, అక్క పోయాక కూడా నా మాట ఆయన తీసెయ్యలేదు. అల్లుడిగారికి, పిల్లలకు నా దీవెనలు.

ఇట్లు,
మీ పిన్ని