రాతి మీది రాత, గోడ మీది బొమ్మ: గులాం యజ్దానీ సేవలు

ధవళేశ్వరం నుంచి రాజమండ్రి వెళ్ళి, మెయిన్ రోడ్డులోని పెద్ద మసీదులో నమాజు చేసినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. ద్వారం మీది ఫార్సీ శాసనం ముందు ఆగి చూసినవారు మాత్రం తక్కువ. హిజ్రీ 724 రంజాన్ నెలలో, అంటే క్రీ.శ. 1324 సెప్టెంబరులో, సాలార్ ఉల్వీ అనే ఆయన ఈ మసీదు కట్టించినట్టు అందులో ఉంది. ఓరుగల్లు 1323లో పడిపోయింది. మరుసటి ఏటికే తుగ్లకుల అధికారం గోదావరి ఒడ్డుకు చేరిందనడానికి చరిత్రకారులు చూపే ముఖ్యమైన ఆధారాల్లో ఆ రాయి ఒకటి.

ఇలాంటి రాళ్ళను చదివి అచ్చువేయించడానికి జీవితం వెచ్చించిన పండితుడు జనాబ్ గులాం యజ్దానీ. 1885లో ఢిల్లీలో పుట్టారు. అరబ్బీ, ఫార్సీ క్షుణ్ణంగా చదివి కొంతకాలం కళాశాలల్లో పాఠాలు చెప్పారు. దేశంలోని అరబ్బీ, ఫార్సీ శాసనాలను ప్రకటించే 'ఎపిగ్రాఫియా ఇండో-మోస్లెమికా'కు ఏళ్ళ తరబడి సంపాదకులుగా ఉన్నారు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టినప్పుడు దానికి తొలి డైరెక్టరు ఆయనే. 1943 దాకా ఆ బాధ్యత మోశారు.

అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. గుహల్లో రంగుబొమ్మలున్న పూత పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది. అంతకుముందు బొమ్మల నకళ్ళు తీసుకోవడానికి వచ్చినవారు పూసిన వార్నిష్ మరో బెడద. 1920లో ఇటలీ నుంచి చెక్కోనీ, ఓర్సీనీ అనే ఇద్దరు నిపుణులను రప్పించారు. వాళ్ళు ఊడుతున్న పూతను మళ్ళీ గోడకు అంటించి, అంచులు గట్టిపరిచారు. అయితే బొమ్మలకు రక్షణగా వాళ్ళు వాడిన లక్క పూత తర్వాత పచ్చబడి మసకేసింది. దాన్ని తొలగించడానికి తరువాతి తరం వారు చాలా శ్రమపడవలసి వచ్చింది. మేలు కోరి చేసిన పనిలోనూ ఇంత చిక్కుంటుంది.

యజ్దానీగారు ఆ బొమ్మలన్నిటినీ ఫొటోలతో, వివరణలతో నాలుగు సంపుటాలుగా తెచ్చారు: 1930, 1933, 1946, 1955. చివరిది వచ్చేనాటికి ఆయనకు డెబ్బై ఏళ్ళు, ఉద్యోగం వదిలి పన్నెండేళ్ళు. బుద్ధుని జాతక కథల బొమ్మలకు ఖర్చు పెట్టింది ముస్లిం ప్రభువు, కథకథనూ విడమరిచి చెప్పింది ముస్లిం పండితుడు. అందులో వింత ఉందని ఆయన ఎన్నడైనా అనుకున్నారో లేదో, నాకైతే అది చాలా సహజంగా తోస్తుంది. పాలంపేట రామప్ప గుడి మీద 1922లో పుస్తకం రాసిందీ ఆయనే, బీదర్ కోటలు, సమాధుల మీద 1947లో రాసిందీ ఆయనే.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియం 1930లో ఆయన హయాంలోనే ఏర్పడింది. మన పిల్లలు అక్కడికెళ్ళి ఈజిప్టు మమ్మీని చూసి వచ్చేస్తారు. ఈసారి శాసనాలూ, అజంతా నకళ్ళూ కూడా చూపించండి. 1959లో ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. 1962లో కన్నుమూశారు.

ఇదంతా దాతలకు చెప్పడానికి కారణం ఉంది. నా చిన్నతనంలో ఒక పాత మసీదు గోడలో అక్షరాల రాయి ఉండేది. ఏటా రంజాన్‌కు ముందు దాని మీద సున్నం పడేది. తర్వాత ఎవరో పుణ్యాత్ములు టైల్స్ వేయించారు. రాయి ఏమైందో అడిగితే చెప్పేవారు లేరు. ఎవరి మనసులోనూ చెడు లేదు.

మరమ్మతులకు విరాళం ఇచ్చేటప్పుడు ఎస్టిమేటులో మరో పద్దు చేర్చమనండి: పని మొదలుకాకముందే రాతకు ఫొటో, అచ్చు. అచ్చు తీయడం పెద్ద ఖర్చేమీ కాదు. రాయిని కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్‌తో తట్టి, పైన సిరా అద్దుతారు. మన తెలుగు శాసనాల్లో అక్షరాలు లోపలికి చెక్కి ఉంటాయి గనుక తెల్లగా వస్తాయి. ఫార్సీ శాసనాల్లో చాలావాటికి అక్షరాలు పైకి ఉబ్బి ఉంటాయి, అవి నల్లగా పడతాయి.