తొలి ఊపిరి – తెరుచుకోవలసిన రక్తనాళాలు

ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఉన్న సిరోంచ నుండి జిల్లా కేంద్రమైన గడ్చిరోలికి సుమారు 200 కిలోమీటర్ల దూరం. అక్కడి నుండి నగరానికి వలస వచ్చిన కుటుంబాలలో కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆడపడుచులు ఉన్నారు. నెలలు నిండి పుట్టిన బిడ్డ సైతం కొన్ని గంటలలోనే నీలివర్ణానికి మారే ప్రమాదం ఒకటి ఉంది. అది ఊపిరితిత్తుల రక్తనాళాలలో అధిక పీడనం. ప్రతి 1000 జననాలలో సుమారు ఇద్దరు శిశువులలో ఇది కనిపిస్తుంది.

గర్భంలో

గర్భస్థ శిశువుకు ప్రాణవాయువు మాయ నుండి బొడ్డుతాడు ద్వారా అందుతుంది. ఊపిరితిత్తులు ద్రవంతో నిండి, వాటి సన్నని ధమనులు ముడుచుకొని ఉంటాయి. వాటికి వెళ్లవలసిన రక్తంలో అధికభాగం గుండె పైగదుల మధ్యనున్న రంధ్రం గుండా, పుపుస ధమనిని బృహద్ధమనితో కలిపే నాళం గుండా దారి మళ్లుతుంది.

పుట్టిన వెంటనే

తొలి ఏడుపుతో గాలి లోనికి ప్రవేశిస్తుంది. రక్తనాళాల లోపొర నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేయగా, గోడల కండరం సడలి, నాళాలు విచ్చుకుంటాయి. ఊపిరితిత్తులకు రక్తప్రవాహం పలు రెట్లు పెరుగుతుంది. పాత దారులు క్రమంగా మూసుకుపోతాయి.

ఈ మార్పు జరగకపోతే

ఇందుకు మూడు విధాల కారణాలున్నాయి. ఊపిరాడకపోవడం, ఉమ్మనీటిలో కలిసిన తొలి మలాన్ని పీల్చడం, రక్తంలో ఇన్ఫెక్షన్ వంటి వాటివల్ల నాళాలు బిగుసుకుపోవచ్చు. గర్భంలో దీర్ఘకాలం ప్రాణవాయువు కొరవడితే నాళాల కండరం మందమై, కండరం ఉండకూడని అతి సన్నని నాళాలకూ వ్యాపించవచ్చు. ఉదరవితానంలో రంధ్రంతో పుట్టిన శిశువులలో ఊపిరితిత్తులు ఎదగక, నాళాల సంఖ్యే తక్కువగా ఉంటుంది. అప్పుడు రక్తం ప్రాణవాయువు పొందకుండానే పాత దారులలో శరీరానికి పోతుంది. ప్రాణవాయువు తగ్గేకొద్దీ నాళాలు మరింత ముడుచుకుంటాయి. కాలయాపన ప్రాణాంతకం కావడానికి కారణం ఈ విషవలయమే.

వైద్యులు కుడి చేతిలోను, పాదంలోను ప్రాణవాయువు శాతాన్ని పోల్చి చూస్తారు. గుండె స్కానింగ్‌తో నిర్ధారిస్తారు. ఆక్సిజన్, వెంటిలేటర్, పీల్చే నైట్రిక్ ఆక్సైడ్, సిల్డెనాఫిల్ చికిత్సలో ఉపయోగపడతాయి.

గడ్చిరోలి నేర్పిన పాఠం

డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ స్థాపించిన ‘సెర్చ్’ సంస్థ ఈ జిల్లా గ్రామాలలోనే ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణను ప్రయోగించింది. శిక్షణ పొందిన గ్రామ మహిళలు శిశువుల ఊపిరులను లెక్కించారు, ఊపిరాడని బిడ్డలకు శ్వాస అందించారు. మూడవ సంవత్సరానికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గినట్లు 1999లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించింది. రక్తనాళాల పీడనానికి ఇంటివద్ద చికిత్స లేదు. కానీ ప్రమాదాన్ని పసిగట్టే కన్ను ఇంట్లోనే ఉండగలదని ఆ గ్రామాలు నిరూపించాయి.

కుటుంబాలు గుర్తుంచుకోవలసినవి

• నిమిషానికి 60 లేదా అంతకు మించి ఊపిరులు, పక్కటెముకల కింద గుంటలు పడటం, మూలుగు, నాలుక-పెదవులు నీలంగా మారడం, పాలు తాగకపోవడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కు ఫోన్ చేయాలి.
• గర్భిణి వైద్యుల సలహా లేకుండా నొప్పి మాత్రలు వాడరాదు.
• ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు బిడ్డను తప్పక చూపించాలి.
• అవసరమైతే గడ్చిరోలికా, గోదావరి దాటి వరంగల్‌కా అన్నది వైద్యులతో మాట్లాడి కాన్పుకు ముందే నిర్ణయించుకోవాలి. బిడ్డ నీలబడిన తరువాత ఆలోచించడానికి వ్యవధి ఉండదు.