పాస్‌బుక్ క్యూ నుంచి ఉప్పల్ స్టేడియం దాకా

మా బాబాయి రిటైర్డ్ టీచర్. ఫోన్‌లో బ్యాంకు యాప్ ఉంది, కరెంటు బిల్లు కూడా అందులోనే కడతారు. అయినా పింఛను పడగానే బ్యాంకుకి వెళ్లి, క్యూలో నిలబడి, పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకుని వస్తారు. యాప్‌లో కనిపిస్తోందిగా బాబాయ్ అంటే, "కనిపిస్తే సరా, కాగితం మీద పడాలి కదరా!" అంటారు.

మార్కెటింగ్‌లో పీహెచ్‌డీ చేస్తామంటూ వచ్చే ఎంబీఏ, ఎంకామ్ పిల్లలకు నేను ముందు ఈ సంగతే చెబుతాను. ఆయనకు యాప్ వాడటం బాగానే వచ్చు. నమ్మకం మాత్రం కాగితం దగ్గరే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తేల్చగలిగితే అది పరిశోధన.

ఈ దారి వేసినవాళ్లున్నారు. కొత్త టెక్నాలజీని మనుషులు ఎందుకు అందుకుంటారన్నదానికి 1989లో ఫ్రెడ్ డేవిస్ రెండు కారణాలు చూపించారు: నా పనికి ఉపయోగపడుతుందన్న భావన, వాడటం తేలికేనన్న భావన. 2003లో విశ్వనాథ్ వెంకటేశ్ బృందం చుట్టుపక్కలవాళ్ల ప్రభావాన్నీ, అందుబాటులో ఉన్న సదుపాయాలనూ కలిపింది. ఆన్‌లైన్ బ్యాంకింగ్‌ను పరిశీలించినవాళ్లు నమ్మకాన్నీ, డబ్బు పోతుందేమోనన్న భయాన్నీ చేర్చారు. ఆ భయం ఎలా తగ్గుతుందో టీకొట్టు దగ్గర చూడొచ్చు. "ఇరవై రూపాయలు వచ్చాయి" అని పేమెంట్ సౌండ్‌బాక్స్ పెట్టె పలకగానే, టీ పోసే ఆయన తలెత్తకుండానే తర్వాతి గ్లాసు అందుకుంటాడు. ఆ పెట్టె వల్ల డబ్బు త్వరగా ఏమీ చేరదు. చేరిందన్న ధీమా వస్తుంది.

నేను క్రీడా బ్రాండ్లనూ పరిశీలిస్తుంటాను. బ్యాంకుల మీద పనిచేసే మనిషికి క్రీడా బ్రాండ్లతో పనేమిటని అడుగుతుంటారు. బ్యాంకుల్లో నమ్మకం ఎలా మొదలవుతుందో చూస్తాం, ఆటల్లో అభిమానం ఎలా నిలబడుతుందో చూస్తాం. మన హైదరాబాదునే తీసుకోండి. 2008 ఐపీఎల్‌లో అట్టడుగున మిగిలిన డెక్కన్ ఛార్జర్స్ 2009లో కప్పు గెలిచింది. 2012 తర్వాత ఆ జట్టే లేదు. 2013లో సన్‌రైజర్స్ వచ్చింది. యజమాని మారారు, పేరు మారింది, జెర్సీ రంగు మారింది. ఊరూ, ఉప్పల్ మైదానమూ మిగిలాయి. 2016లో కప్పు తెచ్చిన కెప్టెన్ వార్నర్ 2022లో ఢిల్లీకి ఆడాడు. మరి ఇక్కడివాళ్ల అభిమానం దేన్ని పట్టుకుని ఉంది? ఊరినా, ఆటగాణ్నా, జెర్సీ నారింజ రంగునా? ఇంత మంచి ప్రశ్న ఇంటి ముందే ఉండగా, మన పిల్లలు విదేశీ క్లబ్బుల మీద పాత సర్వేలే తిరగరాయడం చూస్తే నాకు బాధేస్తుంది.

గెలుపోటముల ప్రభావం తెలుసుకోవాలంటే రాబర్ట్ చాల్డీనీ బృందం 1976లో ప్రచురించిన పేపరు చదవండి. అమెరికాలో ఏడు యూనివర్సిటీల విద్యార్థులు ఏం వేసుకొచ్చారో సోమవారాల్లో గమనించారు. తమ ఫుట్‌బాల్ జట్టు గెలిచిన వారాంతం తర్వాత కాలేజీ పేరున్న బట్టలు ఎక్కువగా కనిపించాయి. చూసి లెక్కపెట్టడమే, పెద్ద సాఫ్ట్‌వేరేమీ లేదు.

మీకు తెలుగు బాగా రావడం ఈ వృత్తిలో పెద్ద బలం. ఇంగ్లిష్ ప్రశ్నావళిని మక్కికి మక్కి దించి "ఈ సేవ మీ జీవనశైలికి అనుకూలమా?" అంటే ఎవరికీ ఎక్కదు. "మీరు రోజూ చేసుకునే పనులకి ఇది కుదురుతోందా?" అంటే జవాబొస్తుంది. ఆ తెలుగును ఇంకొకరిచేత మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్పించి, అర్థం జారిందేమో చూసుకోవాలి. పెద్దవాళ్లు మిమ్మల్ని నొప్పించకూడదని అన్నిటికీ "బాగానే ఉందమ్మా" అంటారు. అక్కడ టిక్కులు ఆపేసి, కబుర్లలోకి దిగాలి.

ఇక చదువు. కామర్స్ లేదా మేనేజ్‌మెంట్‌లో యూజీసీ నెట్ రాయండి. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులున్నవాళ్లు నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేయొచ్చు. గణాంకాలు తప్పవు. ఆర్ సాఫ్ట్‌వేర్ ఉచితం, పాత థీసిస్‌లు శోధ్‌గంగలో ఉచితం. పీహెచ్‌డీ తర్వాత అధ్యాపక వృత్తి ఒక్కటే దారి అనుకోవద్దు, కస్టమర్ల తీరు చదివేవాళ్లు బ్యాంకులకూ, మార్కెట్ రీసెర్చ్ సంస్థలకూ కావాలి.

ఈ వేసవిలో ఏదైనా ఒక బ్రాంచి ఎంచుకోండి. మేనేజరు అనుమతి తీసుకుని పాస్‌బుక్ మెషీన్ పక్కన వారం రోజులు కూర్చోండి. ఫోన్‌లో యాప్ ఉండి కూడా వచ్చినవాళ్లెందరో లెక్కపెట్టండి, ఎందుకొచ్చారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. గైడ్ దగ్గరికి ఆ నోటుపుస్తకంతో వెళ్లండి.