దొరగారి వంశం దొరుకుతుంది, మరి మనది?



ఈ నెల మీ పిల్లలు ‘మా వంశవృక్షం’ ప్రాజెక్టు చేస్తారు. దానికి ముందు ఒక చిన్న పాఠం.

తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ మతబోధకులు. 1817లో మద్రాసుకు వచ్చి కుంపిణీ ఉద్యోగంలో చేరిన సి.పి. బ్రౌన్, 1884లో లండన్‌లో కన్నుమూశారు.

అప్పట్లో ఇక్కడ ఉన్న ఆంగ్లేయుల వంశం వెతకాలంటే ముఖ్యంగా మూడు రిజిస్టర్లు చూస్తారు: బాప్తిస్మం, పెళ్లి, సమాధి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల నుంచి వాటి నకళ్లు లండన్‌కు వెళ్లేవి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. బిడ్డ బాప్తిస్మం నమోదులో తల్లిదండ్రుల పేర్లు దొరుకుతాయి. ఆ పేర్లతో వారి పెళ్లి నమోదు వెతుకుతారు. అలా ఒక తరం నుంచి వెనకటి తరానికి వెళ్తారు.

మన ఎస్.కోట ఇళ్లలో చాలావాటికి అలాంటి రిజిస్టరు లేదు. పాత భూమి దస్తావేజుల్లో ‘ఫలానావారి కుమారుడు’ అని ఉంటుంది. తల్లి పేరు సాధారణంగా ఉండదు. అది పెద్దవాళ్ల జ్ఞాపకంలోనే ఉంది.

అందుకే ఈ ఆదివారం పిల్లల్ని నాయనమ్మ, అమ్మమ్మల దగ్గర కూర్చోబెట్టండి. వాళ్ల అమ్మ పేరు, పుట్టింటి ఇంటిపేరు, ఊరు అడిగించండి. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కూడా రాయించండి. రేపటికి అదే మీ ఇంటి రిజిస్టరు.