బస్సుకూ ఇంటికీ మధ్య పావుగంట

ప్రశ్న: ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. పొద్దున ఏడింటికి కాలేజీ బస్సెక్కితే ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరవుతుంది. ఆపైన రికార్డులు, అసైన్‌మెంట్లు. వ్యాయామానికి వేళ ఎక్కడ?

జవాబు: వ్యాయామమంటే జిమ్మూ, రోజుకో గంటా ఉండాల్సిందేనని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. అది కుదరక మొత్తానికే మానేస్తారు. 18 ఏళ్లు నిండినవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. పరుగులాంటి గట్టి శ్రమైతే 75 నుంచి 150 నిమిషాలు. ఒక్కో విడత 10 నిమిషాలకు తగ్గకూడదన్న పాత షరతును కూడా 2020 మార్గదర్శకాల్లో తీసేశారు. తీరిక లేని విద్యార్థికి ఇంతకంటే మంచి కబురు లేదు.

బస్సుకు వెళ్లేటప్పుడూ, దిగి వచ్చేటప్పుడూ పావుగంట చొప్పున చురుగ్గా నడిస్తే ఐదు రోజుల్లో ఆ 150 నిమిషాలు పూర్తవుతాయి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వేగానికి కొలత అదే.

కండరాల బలానికి వారంలో కనీసం రెండు రోజులు కేటాయించాలి. దండాలు, బస్కీలు తీయడానికి చాప పరిచేంత చోటుంటే చాలు. ఆదివారం స్నేహితులతో షటిలో, కబడ్డీయో ఆడితే అదీ వారం నిమిషాల లెక్కలోకే వస్తుంది.

నిద్ర తగ్గించుకుని మాత్రం వ్యాయామం చేయకూడదు. రాత్రికి ఏడు గంటలైనా పడుకోవాలి.

ఆస్తమా, గుండె జబ్బులాంటివి ఉంటే ముందు డాక్టర్‌ని కలవండి. లేకపోతే రేపటి బస్సు నుంచే మొదలుపెట్టండి.