అడిగి అడిగి అలిసిపోయిన చెల్లికి

ఏమ్మా చెల్లీ, గొంతు అలా బొంగురుపోయిందేం? మార్చి నెల కదూ, అర్థమైందిలే. విరాళాలు సేకరించే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి ఈ నెల ఊపిరి సలపదు. ఏడాదంతా పలకనివాళ్లకి కూడా ఆఖరి వారంలో పన్ను మినహాయింపు రసీదు గుర్తొస్తుంది. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే మినహాయింపు రాదనీ, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి అసలే లేదనీ చెప్పీ చెప్పీ నోరెండిపోతుంది.

ఎండిన నోరు మజ్జిగ తాగితే తడుస్తుంది. మనసుకి పట్టిన అలసటే తగ్గదు. "నమస్తే అండీ, ఫలానా సంస్థ నుంచి..." అనేలోపే అవతల టక్కున ఫోను పెట్టేస్తారు. ఒకాయన "ఇందులో నీ కమీషనెంత?" అంటాడు. ఇంకో ఆవిడ "పనీపాటా లేదా మీకు?" అంటుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా అదే తీపి గొంతుతో తర్వాతి నంబరుకి నమస్తే చెప్పాలి. మాల్ గుమ్మంలో ట్యాబ్ పట్టుకుని నిలబడే పిల్లల సంగతి మరీను. వాళ్లని చూడగానే జనం లేని ఫోను వచ్చినట్టు చెవికి ఆనించుకుని పక్కనుంచి వెళ్లిపోతారు. సాయంత్రం ఇంటికొచ్చాక కన్నబిడ్డ "అమ్మా" అన్నా విసుగే.

పైగా బంధువుల మాట ఒకటి: "ఎం.ఏ. చదివి ఈ చందాల ఉద్యోగమేంటే?" అని. ఆ మాట దగ్గర తల దించుకోకు. త్యాగరాజస్వామి అంతటివాడు తిరువయ్యారు వీధుల్లో ఇంటింటా భిక్ష అందుకునే ఉంఛవృత్తితో బతికాడు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు, పన్నెండేళ్లు కూడా నిండని ఒక పిల్ల, దేవదాసీలతోనూ ముస్లిం స్త్రీలతోనూ ఆయన మాట్లాడాలని పట్టుబట్టింది. అయిదు వేలు పోగుచేస్తే పది నిమిషాలు ఇప్పిస్తామన్నారు పెద్దలు. ఆ పిల్ల పోగుచేయించింది, మాట్లాడించింది. తర్వాత ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆవిడే. పదిమంది కోసం చేయి చాచడం మన ఇళ్లలో ఏనాడూ చిన్నతనం కాదు.

సంక్రాంతికి వచ్చే హరిదాసుని గమనించావా? తలమీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు, నోట హరినామం. పిల్లలొచ్చి బియ్యం పోస్తామంటే వంగుతాడు, పోయించుకుంటాడు, లేచి వెళ్తాడు. తలుపు తియ్యని ఇంటిముందు కూడా పాట తగ్గదు. ఎందుకంటే ఆ పాట బియ్యం కోసం పాడేది కాదు. నీకూ అలాంటిదొకటి కావాలి చెల్లీ. రోజూ వచ్చే "కాదు"లూ "అవును"లూ తాకని చోటు ఒకటి.

అయితే ఒకటడుగుతాను, నిజం చెప్పు. పొద్దుటినుంచీ మనుషుల్ని అడిగి అడిగి, రాత్రి దీపం ముందు కూర్చుని ఏం చేస్తున్నావు? "స్వామీ, రేపైనా టార్గెట్ పూర్తి చేయించు" అని మళ్లీ అడుగుతున్నావు! దేవుడి దగ్గర కూడా ఫండ్‌రైజింగేనా తల్లీ? పూటకి అయిదు నిమిషాలు ఏమీ అడగకుండా కూర్చో. నీది నమాజైతే దువాలో ఆ రోజు మేలు చేసినవాళ్లని తలుచుకుని లే. చర్చికెళ్తే స్తుతి దగ్గరే ఆగు, కోరికల దాకా వెళ్లకు. దేవుడి మీద నమ్మకం లేకపోతే మేడమీద మొక్కలకి నీళ్లు పోసుకో. అడగడం మానిన ఆ కాసేపే నీ నోటికీ మనసుకీ నిజమైన విశ్రాంతి.

ఇంకొకటి. అబద్ధంతో అడగకు. "ఈ సాయంత్రంలోగా కట్టకపోతే పాప బతకదు" అని స్క్రిప్టులో రాసిచ్చారనుకో, ఆ పాప ఎవరో, ఏ ఆస్పత్రిలో ఉందో పైవాళ్లని అడుగు. జవాబు రాకపోతే ఆ వాక్యం చదవకు. ఏడ్పించి తెచ్చిన వెయ్యి కంటే నిజం చెప్పి తెచ్చిన వంద నయం, రాత్రి నిద్రపడుతుంది.

నెలకోసారి నువ్వు కూడా ఇవ్వు. యాభై రూపాయలైనా సరే, ఎవరికీ తెలియకుండా. ఇచ్చేటప్పుడు చెయ్యి ఎందుకు వెనక్కి లాగుతుందో తెలిస్తే, నిన్ను కసిరినవాళ్ల మీద కోపం సగం చల్లారుతుంది. ఇంకా, నువ్వు సేకరించిన డబ్బు చేరేచోటికి వెళ్లు. పిల్లల హాస్టలైతే అన్నాల వేళకి వెళ్లి వరసలో కూర్చో. చారు కోసం రెండోసారి కంచం చాచే కుర్రాడు నీకు కనిపిస్తాడు. వాడికి మొహమాటం లేదు, ఆకలుంది. వాడికి లేని సిగ్గు వాడి తరఫున అడిగే నీకెందుకు?

సంస్థలు నడిపే పెద్దలకీ ఓ మాట. శనివారం ధ్యానం క్లాసు పెట్టించి సోమవారం టార్గెట్ పెంచితే ఆ ధ్యానం ఒంటబట్టదు. న్యాయమైన జీతం, తిట్లు తిన్నాక కాస్త లేచి తిరిగొచ్చే వెసులుబాటు, చేరుకోగల టార్గెట్ ఇవ్వండి. ప్రార్థన వాటికి బదులు కాదు.

ఇక ఇది చదువుతున్న అక్కచెల్లెళ్లందరికీ. ఈసారి విరాళం అడుగుతూ ఫోనొస్తే సంస్థ పేరు, రిజిస్ట్రేషన్ వివరాలు తప్పకుండా అడగండి, తొందరపడి డబ్బు పంపకండి. ఇవ్వలేకపోతే "ఇప్పుడు కుదరదమ్మా" అని చెప్పి పెట్టేయండి. చందా ఇవ్వకపోయినా ఆ ఒక్క మాట ఇవ్వండి చాలు.